దిబ్బ మీద పొయ్యి

దీవి పుట్టడం మీలో ఎంతమంది చూశారో నాకు తెలీదు. నేను చూశాను. నా బతుకులో నాలుగు పుట్టడం చూశాను, రెండు చావడం కూడా చూశాను. దీవి అంటే సముద్రం మధ్యలో కొండలాగా ఎప్పట్నించో కదలకుండా కూర్చుని ఉంటుందని చాలామంది అనుకుంటారు. మా గోదావరి మొగల దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, అలాంటివి లేవు. మావి పుడతాయి, పెరుగుతాయి, ఒళ్ళు తిప్పుకుంటాయి, అరిగిపోతాయి. పోయినప్పుడు వాటికి ఎవరూ దినం పెట్టరు, అంతే తేడా.

కాకినాడ రేవుకి ఎదురుగా బారుగా పడుకున్న పెద్ద దీవి ఉంది కదండీ, హోప్ ఐలాండ్ అంటారు, నేను పుట్టింది దాని మీదే. కొన్ని తాటాకు ఇళ్ళు, ఒక మంచినీళ్ళ చెలమ, మేకలు, మేము. ఇప్పుడు జనం బోట్లెక్కి ఫొటోలు దిగడానికి వెళ్తున్నారు. ఒకసారి ఒక ప్యాంటు షర్టు ఆయన నన్ను అడిగాడు, "ఈ దీవి ఎన్ని వేల ఏళ్ళ నాటిదండీ?" అని. "వేలేంటి బాబూ, మా మామ్మ వాళ్ళ మామ్మ పుట్టినప్పుడు ఇది ఇసక నాలుకంట, నీళ్ళలోంచి కొంచెం చాపి ఉండేదంట" అన్నాను. ఆయన నమ్మలేదు. నమ్మకపోతే పోనీ. ఆ నాలుకే పెరిగి పెరిగి ఉత్తరానికి సాగి కాకినాడకి అడ్డుగోడైంది. తుఫానొస్తే మొదటి దెబ్బ అదే తింటుంది.

నలభై ఏళ్ళు చేపల తట్ట మోసి, యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దినదాన్ని. తెలిసింది రాస్తాను, తెలీనిది రాయను. దీవి ఎలా పుడుతుందో తెలుసు కాబట్టి రాస్తున్నాను. వరదకి గోదావరి ఎర్రగా వస్తుంది. ఆ ఎరుపంతా మట్టీ ఇసకే. మొగ దగ్గర సముద్రం ఎదురు తోస్తుంది. ఆ తోపులాటలో నది మోసుకొచ్చింది చేతిలోంచి జారిపోతుంది. మొదట్లో ఏమీ కనబడదు. నీళ్ళ మధ్యలో కెరటం ఎందుకో ఒకచోట విరుగుతుంది. తర్వాత పడవ అడుగు గీసుకుంటుంది. తర్వాత ఒకరోజు పాటులో, అంటే నీళ్ళు తీసిన వేళ, అక్కడ కొంగ నిలబడి ఉంటుంది. కొంగ మోకాళ్ళు కనబడ్డాయంటే మా వాడలో ఆడా మగా అందరూ ఒడ్డుకి పరుగే.

మొన్నా మధ్య పెద్ద వరద వచ్చి తీశాక మళ్ళీ అలా కనబడ్డాయి. ఈసారి కొంగ మోకాళ్ళే కాదు, కాళ్ళు మొత్తం కనబడ్డాయి. వారం తిరక్కుండా గేదె వీపంత దిబ్బ లేచింది. నాకు అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. ఈ వయసులో ఏంటా గంతులు అని మా ఆయన తిట్టాడు. నేను వినలేదు.

కొత్త దిబ్బకి మా వాడలో ఒక కట్టడి ఉంది. దిబ్బ చాటున నీళ్ళు నిలకడగా ఉంటాయి, నెత్తళ్ళు, అదే వేలెడంత చిన్న చేపలు, అక్కడికి గుంపులుగా చేరతాయి. అందుకని అక్కడ అలివి వల లాగడానికి, అంటే ఒడ్డున నిలబడి రెండు తాళ్ళు పట్టి పెద్ద వల ఈడ్వడానికి, అందరికీ ఆశే. కానీ లేచిన ప్రతి దిబ్బా నిలవదు. అందుకని భాద్రపద అమావాస్యనాడు, పోటు ఎక్కేముందు, మొదటి వంతు కావాలన్న ఇంటి ఆడమనిషి తోడుకి ఒక్కర్ని తీసుకుని దిబ్బ మీద పొయ్యి వెలిగించాలి. పోటు ఎక్కి మళ్ళీ తీసేదాకా పొయ్యి ఆరకపోతే అది దిబ్బ, ఆ ఏడంతా మొదటి వంతు ఆ ఇంటిది. ఆరిపోతే ఆ ఇంటికి ఆ ఏడు వంతే లేదు. పొయ్యిని వెలిగించిన చోటునుంచి కదపకూడదు. మగాడు కాలు పెట్టకూడదు.

ఆ ఏడు పొయ్యి అడిగింది మా చెల్లి.

దాన్ని ఉప్పాడ ఇచ్చాం. అక్కడ సముద్రం ఒడ్డుని ఎలా తింటుందో మీకు తెలిసే ఉంటుంది. ముందు వాకిలి పోయింది, తర్వాత వంటిల్లు, తర్వాత ఇల్లు. మొగుడూ పెళ్ళాం మా వాడకి వచ్చి మా పంచలో చేరారు. మరిది మంచి వేటగాడు, కానీ మా వాడలో అతనికి వంతు లేదు. వంతు లేకపోతే గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీదకి కూలికి పోవడమే, ఎనిమిది నెలలు మనిషి కనబడడు. కాంట్రాక్టరు ఫోన్ల మీద ఫోన్లు. చెల్లి ఒక్కటే మాట అంది. "అక్కా, ఇల్లు పోయింది. ఇంక ఈయన కూడా పోతే నాకేం మిగులుద్దే?"

కులపెద్ద ముందు కూర్చున్నాం. మా వాడలో ఒక పొడుగాయన ఉన్నాడు, ఆ వంతు తనకే వస్తుందని అప్పటికే కొత్త తాళ్ళు కొనేసుకున్నాడు. "ఉప్పాడోళ్ళకి దిబ్బ సంగతేం తెలుసండీ? వాళ్ళకి తెలిసింది పారిపోవడమే" అన్నాడు.

"నువ్వు పుట్టినప్పుడు నీకు బొడ్డు కోసింది మా అమ్మ. ఆ రోజే తాడు కొంచెం పొడుగు కోసుంటే నీ నోరు కూడా కట్టేది" అన్నాను.

కులపెద్ద నవ్వాపుకుని, "అడిగిన ఇంటికి కాదనే హక్కు నాకు లేదు. తోడుకి ఎవరు?" అన్నాడు.

"నేనే."

అమావాస్య పొద్దున్నే ఇంజను బోట్లో బయల్దేరాం. నాలుగు ఇటుకలు, ఎండు సరుగుడు పుల్లలు, ఒక డేక్సా, బియ్యం, అగ్గిపెట్టె పాలిథీన్ కవర్లో చుట్టి జాకెట్లో పెట్టుకున్నాను. వెనకాల ఇంకో బోటులో కులపెద్ద, పొడుగాయన, మరిది, ఇంకో పదిమంది. దిబ్బ తగలగానే నేను ముందు దూకాను. ఆ ఇసక ఎలా ఉందంటే చెప్పలేను. మనిషి పాదం పడని ఇసక! వేడి లేదు, మెత్తగా, కొత్త బట్టలా. నా అడుగులు నేనే వెనక్కి తిరిగి చూసుకున్నాను. అరవై దాటినదాన్ని, చంటిపిల్లలా అటూ ఇటూ పరిగెత్తాను.

"మామ్మా, అన్నం కాస్త ఉప్పగా ఉంటుందేమో చూసుకో!" అని బోట్లోంచి పొడుగాయన అరిచాడు.

"నీకు గంజి పంపిస్తాలే, తాగి పడుకో!" అని నేనూ అరిచాను. ఇద్దరం అలా అరుచుకుంటూనే ఉన్నాం. అక్కడే నా బుద్ధి గడ్డి తింది. చెల్లి ఇటుకలు ఎక్కడ పేరుస్తోందో చూడలేదు. వెనక్కి తిరిగేసరికి మంట లేచిపోయింది.

ఉప్పాడలో కాపరం చేసిన మనిషికి భయం ఒకవైపు నుంచే. ఇల్లు పోయాక చెల్లి సముద్రాన్ని పేరు పెట్టి కూడా అనేది కాదు, "అది" అనేది. "అది ఎంత దూరంలో ఉందో చూడక్కా, మనదాకా రాదు" అంది గర్వంగా. సముద్రానికి దూరంగా, దిబ్బకి అవతలి అంచుకి పోయి పొయ్యి పెట్టింది. మొగ దగ్గర పుట్టినదాన్ని, నేను చూసుంటే చెప్పేదాన్ని. పెట్టిన పొయ్యిని కదపకూడదు కాబట్టి ఏమీ అనకుండా పుల్లలు ఎగదోశాను.

పోటు ఎక్కసాగింది. సముద్రం వైపు నురుగు గీత ఒక్కో కెరటానికీ జానెడు జానెడు పైకి వస్తోంది. చెల్లి దాని మీంచి చూపు తిప్పడం లేదు. వచ్చింది, వచ్చింది, దిబ్బ నడుం దాకా వచ్చి ఆగింది. "ఆగిందక్కా! ఆగిందే!" అని నా భుజం పట్టుకుని ఊపేసింది.

అప్పుడు నా మడమ చల్లబడింది.

తిరిగి చూశాను. వెనకనుంచి నీళ్ళు. కెరటం లేదు, చప్పుడు లేదు, చాప పరిచినట్టు పాక్కుంటూ వస్తున్నాయి. వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాను. తియ్యగా ఉన్నాయి. సముద్రం పోటుతో దారి మూసేస్తే గోదావరి ఎక్కడికి పోతుంది? వెనక్కి పొంగుతుంది.

"ఒసేయ్, ఇది నీ సముద్రం కాదే, మన గోదారి! ఇసక లాగు!"

ఇద్దరం కుక్కల్లాగా తవ్వాం. పొయ్యి చుట్టూ కట్ట వేశాం. ఒకచోట వేస్తే ఇంకోచోట జారుతోంది. బోట్లో మరిది లేచి నిలబడ్డాడు, దూకబోయాడు. కులపెద్ద చొక్కా పట్టుకుని లాగాడు. "దిగావంటే పొయ్యి చెల్లదు, కూర్చో!" మరిది కూర్చున్నాడు కానీ, "నీళ్ళు తోడండి వదినా, నీళ్ళు తోడండి!" అని గొంతు చిరిగేలా అరుస్తున్నాడు.

తోడడానికి ఏముంది? డేక్సాలో అన్నం సగం ఉడుకుతోంది. చెల్లి నా మొహం చూసింది. "లెక్క నిప్పుకే కదే, అన్నానికి కాదు" అన్నాను. అది డేక్సా ఎత్తి ఆ గంజీ మెతుకులూ ఎక్కడ పోసిందనుకున్నారు? నా ఒళ్ళో! ఇసకలో పోస్తే పాపమనుకుందంట. నేను పెట్టిన కేకకి కొంగలు లేచిపోయాయి. బోట్లో జనం పగలబడి నవ్వారు. చెల్లి నవ్వలేదు, కట్ట లోపలికి వచ్చిన నీళ్ళని డేక్సాతో తోడి అవతల పోస్తూనే ఉంది, పడవలో తోడినట్టు.

కట్ట ఒకచోట తెగింది. నీళ్ళు తిన్నగా పొయ్యి మీదకి. ఒక ఇటుక కుంగి చుయ్‌మంది, పొగ కమ్మింది. ఇంక ఇసకతో కాదనిపించింది. తెగినచోట నేను కూర్చున్నాను. బాగా, పూర్తిగా కూర్చున్నాను. నా ఒళ్ళు చిన్నది కాదు, జీవితమంతా దాన్ని గురించి అందరిచేతా మాటలు పడ్డాను. ఆ రోజు గోదావరి దాన్ని దాటలేకపోయింది.

ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. నడుం దాకా చలి, ముందు పొయ్యి సెగ, ఒళ్ళో మెతుకులు. చెల్లి తోడుతోంది, ఊదుతోంది, మళ్ళీ తోడుతోంది. మంట పోయింది. బూడిద మిగిలింది. తర్వాత నా వెనక చీర అంచుని నీళ్ళు లాగడం తెలిసింది. తోయడం మానేసి, లాగడం. అంటే పోటు తీస్తోంది!

"తీసింది! తీసింది!" లేవలేక అక్కడే కూర్చుని అరిచాను.

కులపెద్దా పొడుగాయనా దిగివచ్చారు. పోటు తిరిగింది కాబట్టి ఇప్పుడు దిగచ్చు. పొడుగాయన పొయ్యి చూసి, "మంటేదండీ? ఇది ఆరిన పొయ్యే" అన్నాడు. చెల్లి వంగి మళ్ళీ బూడిద ఊదబోయింది.

కులపెద్ద గొంతుక్కూర్చున్నాడు. కూర్చుంటూనే చెయ్యి చాపి పొడుగాయన జేబులోంచి ఒక బీడీ తీశాడు. అడక్కుండానే తీశాడు. బూడిదని పుల్లతో పక్కకి నెట్టాడు. అడుగున, కుంగని ఇటుక పక్కన, కుంకుడు గింజంత నిప్పు. బీడీ కొస దానికి ఆనించి ఒక్క దమ్ము లాగాడు. ముక్కులోంచి పొగ వచ్చింది. బీడీని పొడుగాయన చేతిలో పెట్టాడు.

"తాగు. ఆరిన పొయ్యి మీద వెలిగిందేమో చూడు."

పొడుగాయన ఒక్క క్షణం చూశాడు, తర్వాత తాగాడు. తాగుతూనే, "మామ్మా, లేపమంటావా, గునపం తేనా?" అన్నాడు. ఇద్దరు మగాళ్ళు కలిసి నన్ను ఇసకలోంచి పెకలించారు. నేను కూర్చున్నచోట చిన్న చెరువంత గుంట పడింది.

ఆ మధ్యాహ్నమే మొదటి లాగుడు. పొడుగాయన తన కొత్త తాళ్ళు ఇచ్చాడు, ఊరికే కాదు, రెండో వంతు మాట తీసుకునే ఇచ్చాడు. పడవ వల దింపుకుంటూ చుట్టు తిరిగి వచ్చింది. తాడు మొదట్లో, మొదటి వంతు ఇంటివాడు నిలబడే చోట, మరిది నిలబడ్డాడు. అతని వెనక చెల్లి, చెల్లి వెనక నేను. వల బరువెక్కింది. చేతులు మండుతున్నాయి. నీళ్ళలో వెండి పొడి చల్లినట్టు నెత్తళ్ళు ఎగురుతున్నాయి, నేను చూసినవీ చూడబోయేవీ కలిపి చెల్లికి చెబుతున్నాను.

"వదినా, కబుర్లాపి లాగండి!"

జేబులో అతని ఫోను మోగింది. కాంట్రాక్టరే అయ్యుండాలి. మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. మరిది తాడు వదల్లేదు. చెల్లి ముందుకి ఒక అడుగు వేసి, ఎడమ చేత్తో తాడు పట్టుకుని, కుడి చేత్తో అతని జేబులోంచి ఫోను తీసి, చెవికి పెట్టుకుని, ఊపిరి తీసుకుంటూ అంది.

"ఆయన రారండి. వల లాగుతున్నారు."