చిమ్నీయే గుర్తు

బొగ్గు గనిని మావైపు బాయి అంటారు. మా నాయిన పనిచేసిన బాయి మూతపడ్డాక ఆ జాగాను చదును చేసి, చెట్లు పెట్టి, పార్కు చేశారు. గేటు దగ్గర సిమెంటు జింక ఒకటి నిలబెట్టారు. దాని కొమ్ము మేం పోయేసరికే ఎవరో విరగ్గొట్టారు. చుట్టూ ఇంత అడవి, అందులో నిజం జింకలు తిరుగుతుంటే, ఈ సిమెంటు జింక ఎవరి కోసమో నాకైతే అర్థం కాలేదు.

అది రెండు వేల ఐదో, ఆరో. నవంబర్ మొదట్లో వచ్చే సమాధుల పండుగ రోజు. మేం క్యాథలిక్కులం. ఆ రోజు పోయినవాళ్ల సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. పాల్వంచ నుంచి బస్సులో అమ్మా, నాయినా, నేనూ వచ్చాం. మేం చూడవచ్చింది పార్కును కాదు, మా అక్కను.

అక్క నాకు తెలియదు. నేను పుట్టకముందే జ్వరంతో ఫిట్స్ వచ్చి పోయింది. అప్పుడప్పుడే నడక నేర్చిందట. కాలనీ వెనక, బాయికి ఇవతల మావాళ్ల సమాధుల తోట ఉండేది. అక్కడ పడుకోబెట్టారు. కాస్త ఉన్నవాళ్లు సిమెంటు సిలువ కట్టించుకునేవాళ్లు. నాయిన మాత్రం బాయిలో కప్పు కూలకుండా నిలబెట్టే దుంగ ముక్కతో సిలువ చేసి పాతాడు. దాన్ని చెదలు తినేశాయి. సిమెంటుది కట్టించమని అమ్మ ప్రతి ఏడూ పోరేది. నాయిన నవ్వేసేవాడు.

"సిమెంటెందుకే? చిమ్నీ పోయి చక్రం ఎనక దాగాలె. బాయిలర్ రేకుల మీదికెల్లి నీళ్లట్యాంకు అంచు కనవడాలె. రెండూ కుదిరిన కాడ నిలవడితే బిడ్డ మన కాళ్లకాడ ఉన్నట్టే. గింత పెద్ద గుర్తు ఎవనికున్నది?"

చిమ్నీ అంటే బాయిలర్ పొగగొట్టం. చక్రమంటే, మనుషుల్ని బాయిలోకి దించడానికి ఎత్తయిన ఇనుప చట్రం మీద తిరిగేది. ఊరంతటికీ కనబడేది. నా చిన్నప్పుడు నాయిన గడ్డిలో నిలబడి ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసి, కొద్దిగా జరిగి, "ఇగో" అని ఆగేవాడు. ఒక్కసారీ తప్పలేదు. బాయి లోపల లైటు ఆరిపోయినా గోడ తడుముకుంటూ బయటికొచ్చే మనిషి ఆయన. అలాంటి మనిషికి, బాయే లేకుండా పోయే రోజొకటి వస్తుందన్న ఊహ రాలేదు. ఆయనకేంటి, మాలో ఎవరికీ రాలేదు. చుట్టాలకు దారి చెప్పాలన్నా "చిమ్నీ చూసుకుంట వచ్చెయ్" అనేవాళ్లం.

బాయి మూశారు. నాయిన రిటైరయ్యాడు. పాల్వంచలో కిరాయి ఇంటికి మారాం. ఆయన ఆయాసం, నా పెళ్లి, అమ్మ మోకాళ్లు... వచ్చే ఏడు పోదాం, వచ్చే ఏడు పోదాం అనుకుంటూనే ఏళ్లు గడిచిపోయాయి.

ఆ రోజు గేటు దగ్గర వాచ్‌మన్‌ని సమాధుల తోట గురించి అడిగాం. చెర్ల వైపు నుంచి వచ్చినవాడు, పనిలో కొత్త. "గా సమాధులు ఎప్పుడో పోయినయట సార్. సిమెంటువి ఉన్నోళ్లకు కబురు చేస్తే వచ్చి, ఎముకలు తీస్కపొయిండ్రట. మిగిలిందంత ఉత్త గడ్డేనట, మట్టి పోసి చెట్లు పెట్టిండ్రు" అన్నాడు. నాయిన "పా, నేను చూపెడ్త" అని ముందు నడిచాడు.

నడక హాయిగానే ఉంది, ఉన్నమాట చెప్పుకోవాలి. ఎర్ర కంకర బాట, పక్కన సున్నం కొట్టిన రాళ్లు, నీలగిరి చెట్ల నీడ. ఎత్తూ పల్లం లేదు, ఆయాసమున్న మనిషి కూడా మాట్లాడుతూ నడవొచ్చు. నాయిన మాత్రం అటూ ఇటూ చూసుకుంటూ నడిచాడు. ఒకచోట ఆగి, చిమ్నీ ఉండాల్సిన వైపు తల ఎత్తాడు. చిమ్నీని ఎప్పుడో కూల్చేశారు, నీలగిరి కొమ్మలు తప్ప ఏమీ లేవు. ఇటు తిరిగాడు. ఇటూ అవే. బాట దిగి చెట్ల మధ్యకు పోయాడు, మళ్లీ వచ్చాడు, ఇంకోవైపు పోయాడు. అన్నీ ఒకేలా, వరస తప్పకుండా నిలబడి ఉన్నాయి. వాటిని నాటినవాళ్ల మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. అంతకన్నా నాయిన మీద వచ్చింది. ఒక్క సిమెంటు సిలువ! అంతేగా అమ్మ అడిగింది.

ఆయన దగ్గరికి పోయి గుసగుసగా అన్నాను: "నాయినా, ఏదో ఒక చెట్టు చూపెట్టు. అమ్మ కొవ్వొత్తి ఎలిగించుకుంటది పాపం."

నాయిన నా వైపు చూసిన చూపు నేను మరచిపోలేను. "గాడున్నది వేరేటోళ్ల బిడ్డయితే?" అన్నాడు.

తర్వాత అమ్మ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "తెల్వలేదే" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు.

కాలనీ నల్లా దగ్గర అమ్మ నోటికి జడవని మనిషి లేదు. ఇక ఇవ్వాళ నాయిన పని అయిపోయిందనుకున్నాను. ఆమె చాలాసేపు ఆ చెట్లనే చూసింది. తర్వాత వంగి, మోకాలు పట్టుకుని, కాళ్ల చెప్పులు తీసి చేతిలోకి తీసుకుంది.

"ఇడువుండ్రి" అంది మా ఇద్దరితో.

"ఏంది?" అన్నాన్నేను.

"చెప్పులు. ఏడున్నదో తెల్వనప్పుడు ఏడ తొక్కుతున్నమో గూడ తెల్వది గద. పిల్ల మీదికెల్లి చెప్పులతోని నడుస్తరా?"

ఇద్దరం విడిచాం. ముగ్గురం కంకర మీద వెనక్కి నడిచాం. ప్రతి రాయీ గుచ్చుకుంది. అమ్మ దండ తెంపి, ఒక్కో బంతిపువ్వూ బాటకు అటూ ఇటూ విసురుతూ వచ్చింది. కొవ్వొత్తులు సంచిలోనే ఉండిపోయాయి. ఎదురొచ్చిన ఒకావిడ, "ఏందమ్మా, మొక్కా?" అని అడిగింది. "అవ్" అని అమ్మ ఆగకుండా నడిచింది.

గేటు బయట అమ్మ చెప్పులు వేసుకుంది. నేనూ వేసుకున్నాను. నాయిన మాత్రం చేతిలో పట్టుకునే నిలబడ్డాడు. ఎదురుగా వెడల్పు చేసి కొత్తగా తారు పోసిన రోడ్డు, దాని చివర బస్టాపు. ఎండ నడినెత్తికి వచ్చింది.

"ఏస్కో నాయినా, కాళ్లు కాల్తయి" అన్నాను.

ఆయన పార్కు కంచె వైపు చూశాడు, రోడ్డు వైపు చూశాడు.

"సమాధుల తోట కంచె లోపల్నే అయిపోయిందో, గీ రోడ్డు కిందికి గూడ వచ్చిందో" అన్నాడు. బస్టాపు దాకా ఆ తారు మీద ఉత్త కాళ్లతోనే నడిచాడు.