విందులోంచి కత్తిరించిన ఇద్దరు

ఏళ్ల తరబడి ఒక ఫోటోను మోస్తున్నాను. ఫోన్లు మారాయి, ఫోటో మాత్రం నా వెంటే వస్తోంది. మా ఆయనకు చెప్పలేదు. దేవుడికి కూడా సరిగ్గా చెప్పలేదు. దణ్ణం పెట్టుకునేటప్పుడు "తెలిసీ తెలియక చేసిన తప్పులు" అంటూ దీన్నీ ఆ గుంపులో కలిపేస్తూ వచ్చాను. ఇది తెలియక చేసింది కాదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

నాకు పుట్టుకతో వచ్చిన జబ్బొకటుంది, కుతూహలం. పక్కింటి గ్యారేజీ తలుపు చప్పుడైతే చాలు, కిటికీ దగ్గర ఉంటాను. ఊళ్లో పెళ్లికి కుక్కల హడావుడి అని మా అమ్మ నన్నే అనేది. నవ్వుకునేదాన్ని. అది ఒక మనిషి బతుకు మీదికి వస్తుందని ఎవరనుకుంటారు?

అప్పట్లో కెనడాలోని గ్వెల్ఫ్‌లో మాకు రెండు వీధుల అవతల నిర్మల ఉండేది. బేస్‌మెంట్‌లో మన పిల్లలకు బొమ్మలు వేయడం నేర్పేది. ఆ గోడ మీద ఒక పెద్ద ప్రింటు ఉండేది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఎవరో ఫ్రెంచి చిత్రకారుడు వేసిన బొమ్మ అది. నది ఒడ్డున, చారల గుడ్డ పందిరి కింద, పడవ షికారుకు వచ్చినవాళ్లు భోంచేసి కబుర్లాడుకుంటుంటారు. గడ్డి టోపీలు, బల్ల మీద ద్రాక్షపళ్లు, సగం ఖాళీ అయిన సీసాలు, కుక్కపిల్లను ముద్దు చేసే ఒకావిడ. క్లాసు అయ్యాక మావాణ్ని తీసుకెళ్లడానికి వెళ్లి ఆ బొమ్మ ముందు నిలబడిపోయేదాన్ని. ఇతను ఆమెను చూస్తాడు, ఆమె ఇంకొకరిని చూస్తుంది, ఆ ఇంకొకరు మరెటో చూస్తారు. అంతమందిలో ఒక్క జతకైనా చూపులు కలవవేం? కుడి మూల కూర్చున్న ఆవిడ మీదికి వంగి ఒకాయన ఏదో చెబుతున్నాడు, ఏమిటది?

ఆ ఎండాకాలం లేక్ ఒడ్డున మా తెలుగువాళ్ల పిక్నిక్ జరిగింది. ఆ బొమ్మలాగే మనవాళ్లను నిలబెట్టి ఫోటో తీస్తే పిల్లలకు చూపించవచ్చని నిర్మల సరదా పడింది. పార్కు షెల్టర్ స్తంభాలకు చారల దుప్పటి కట్టాం. వైన్ సీసాల్లో ద్రాక్షరసం. కుక్కపిల్ల బదులు ఎవరి పిల్లదో టెడ్డీబేర్. బల్ల మీద పులిహోర గిన్నె ఉంటే, ఆ కాలం ఫ్రెంచివాళ్లకు పులిహోర ఎక్కడిదని నిర్మల తీయించేసింది. ఫోటో తీసే పని నాది. కుడి మూల కుర్చీలో నిర్మలను కూర్చోబెట్టాను. మీదికి వంగడానికి మనిషి కావాలి. చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరిన సుధీర్ అని ఒక బ్రహ్మచారి అక్కడే ఉంటే, అతన్ని నేనే పిలిచాను. ఇంకొంచెం వంగమన్నదీ నేనే.

నిర్మల మొహం బిగుసుకుపోయింది. "అటు చూడు, మా ఆయన పులిహోర గిన్నెతో పారిపోతున్నాడు!" అని అరిచాను. నిజంగానే ఆయన గిన్నె చంకన పెట్టుకుని పందిరి వెనకగా పోతున్నారు. నిర్మల చూపు సుధీర్ భుజం పక్కగా ఆయన మీదికి పోయింది. పకపకా నవ్వింది. ఫోటో పడింది.

ఇంటికొచ్చి చూసుకుంటూ, ఆ మూలను మాత్రం వేలితో పెద్దది చేశాను. సుధీర్ భుజం దగ్గర కత్తిరించాను. ఫోటోలోంచి మా ఆయన పోయారు, గిన్నె పోయింది, పందిరి పోయింది, పదిమంది జనం పోయారు. మిగిలింది వంగిన మగవాడు, అతని మొహంలోకి చూస్తూ పొంగిపోతున్న ఆడమనిషి. ఎంత వింత! కొంచెం అంచు తీసేస్తే కథే మారిపోయింది. చూసినవాళ్లు ఏమనుకుంటారు? అంతే, అదే నా పాపం. కోపం లేదు, అసూయ ఉందా అని ఎన్నిసార్లు తవ్వుకున్నా దొరకలేదు. ఏమవుతుందో చూద్దామనిపించింది. మా తెలుగువాళ్లలో పెద్దావిడ రాజ్యం ఆంటీకి పంపాను. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని తెలిసే పంపాను. ఒక్క మాట కూడా రాయలేదు. అందుకే ఇన్నాళ్లూ "నేనేమన్నాను?" అని నాకు నేను చెప్పుకోగలిగాను.

వారం తిరక్కుండా అది అందరి ఫోన్లలోకీ చేరింది. ఎవరు పంపారంటే "ఎవరో ఫార్వర్డ్ చేశారమ్మా" అందట ఆంటీ. పక్కన నిలబడి పోజు పెట్టినవాళ్లకు నిజం తెలుసు. వాళ్లు కూడా "పోజేలెండి, కానీ ఆ నవ్వు చూశారా" అన్నారు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. క్లాసుకు పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. సుధీర్ ఎక్కడో ఒట్టావా దగ్గర కనాటాలో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. పిక్నిక్‌కు రాని నిర్మల భర్త మురళి ఏమీ అడగలేదట. అడిగితే బాగుండేదని నిర్మల ఒకసారి అంది.

నేను తేలుకుట్టిన దొంగలా ఉన్నాను.

ఒక మధ్యాహ్నం నిర్మల వచ్చింది. బూట్లు కూడా విప్పలేదు, తలుపు దగ్గరే నిలబడింది.

"అక్కా, ఫుల్ ఫోటో నీ దగ్గరే కదా ఉంది. అది గ్రూప్‌లో పెట్టవూ? మురళి ఒక్కసారి చూస్తే చాలు."

"అయ్యో, స్టోరేజ్ ఫుల్ అయిందని మొన్ననే డిలీట్ చేశానే."

"మొత్తం పోయిందా?"

"పోయిందే, నిర్మలా."

"సరిగ్గా గుర్తు చేసుకో అక్కా. తొందరేం లేదు, నేనిక్కడే ఉంటా."

"లేదమ్మా. ఉంటే ఇవ్వనా?"

"సరే అక్కా, మీరు జాగ్రత్త" అని వెళ్లిపోయింది. అంతవరకూ నన్ను ఎన్నడూ మీరు అనలేదు. ఆ చలికాలంలో క్లాసు మూసేసి నిర్మల వాళ్లు టొరంటోలోని స్కార్‌బరో వెళ్లిపోయారు. మళ్లీ మాట్లాడుకోలేదు. అక్కడ ఎవరికైనా నేర్పుతోందో లేదో కూడా నాకు తెలియదు. ఊళ్లో ప్రతివాళ్ల సంగతీ ఆరా తీసే నేను, ఆ ఒక్కటి అడగడానికి భయపడతాను.

ఈ మధ్యనే, అంట్లు కడుగుతుంటే, ఒక సంగతి తట్టింది. ఇంత ఆలస్యంగా ఎందుకు తట్టిందో? ఆ రోజు ఫోటో తీసిన ఫోన్ ఒక్కటే, నాది. పూర్తి ఫోటో ఇంకెవరికీ నేను పంపలేదు. కత్తిరించాలంటే నేనే కత్తిరించాలి. ఈ లెక్క చిన్నపిల్లలకైనా తెలుస్తుంది, నిర్మలకు తెలియదా? తెలిసే వచ్చింది. ఎవరు చేశారని ఒక్క ముక్క అడగలేదు చూడండి. నన్ను దొంగని అనకుండా, నా చేతే సరిచేయించుకుని, నన్ను అక్కగానే ఉంచుకుందామని వచ్చింది. తొందరేం లేదంది. నేను మొహం మీదే అబద్ధమాడి పంపేశాను.

ఇప్పుడు పంపితే? ఎవరి కోసం? ఆమెకు అవసరమైన రోజున ఇవ్వలేదు. ఈ రోజు పంపితే నా మనసు తేలికపడడానికే అవుతుంది. అది కూడా ఆమె చేతే చేయించుకోనా? పంపకపోవడానికి ఇది సాకేమో కూడా. నాకు తెలియడం లేదు.

ఫోటో ఉంది. పోలేదు, నిర్మలా. కత్తిరించింది నేనే. ఇంత చిన్న మాట, నోరు తెరిచి అనడానికి ఇన్నేళ్లు పట్టింది.