పనసపొట్టు కూర నా విస్తరి దాటిపోయిన వేళ

ఈ రోజు సామర్లకోటలో మా బంధువులింట్లో అన్నప్రాశనకి వెళ్ళాను. నా కాన్సర్ ట్రీట్‌మెంట్ అయిపోయి ఏడు నెలలైంది. కీమో రోజుల్లో ఏం తిన్నా ఇనుప మేకు చప్పరించినట్టుండేది. ఈమధ్యే నాలుక దారిలోకొచ్చింది. అందుకే పొద్దుట్నుంచీ నా ధ్యాసంతా ఆవ పెట్టిన పనసపొట్టు కూర మీదే.

బంతిలో కూర్చున్నాం. వడ్డించేవాయన గరిటె నా విస్తరి మీదకి తెచ్చాడో లేదో, పక్కనున్న మా పెద్ద తోడికోడలు చెయ్యి అడ్డం పెట్టేసింది.

"మా చెల్లికి వద్దండీ, పడదు. పెరుగన్నం పెట్టండి చాలు."

"డాక్టరుగారు అన్నీ తినమన్నారక్కయ్యా."

"ఆయనకేం తెలుసే? మా వాట్సాప్ గ్రూపులో అన్నీ వివరంగా పెడతారు."

ఈ మహా వైద్యురాలికి షుగరు. ఆ మాటంటూనే మూడో బొబ్బట్టు మీద నెయ్యి పోయించుకుంది.

గరిటె నన్ను దాటి వెళ్ళిపోయింది. నేనూరుకుంటానా? గట్టిగా పిలిచి మరీ వెనక్కి రప్పించి, రెండు గరిటెలు వేయించుకున్నాను. అప్పుడావిడ అవతలి పక్కావిడతో బంతంతా వినపడేలా గుసగుసలాడింది: "పోన్లెండి పాపం, తిననివ్వండి. ఇంకెన్నాళ్ళు తింటుంది గనక!"

మొదటి ముద్దకే ఆవ ఘాటు ముక్కుకెక్కి కళ్ళంట జలజలా నీళ్ళు కారాయి. ఏడాదిన్నర తర్వాత తెలిసిన ఘాటు! ఎంత హాయిగా ఉందో!

ఆవిడ నా వీపు నిమిరి, "ఏడవకే, ధైర్యంగా ఉండు" అంది.

మీ చుట్టాల్లోనూ ఇలాంటి దయామయులున్నారా? ఉంటే బంతిలో వాళ్ళ పక్కన మాత్రం కూర్చోకండి. ఓదార్పు దండిగా దొరుకుతుంది, కూర దక్కదు.