ఆఖరి రీలు ఎరగని దక్షిణామూర్తి

బందరు మొత్తం మీద సినిమాకి అందరికన్నా ముందు వెళ్లి, ఆఖరి రీలు చూడకుండా లేచొచ్చే మనిషి ఒక్కడే ఉండేవాడు. ఆయన తాలూకాఫీసు గుమాస్తా దక్షిణామూర్తి. తెర మీద హీరో ఉరికంబం ఎక్కుతున్నా సరే, కండువా దులుపుకుని "ఇక పదవే" అనేవాడు భార్యతో.

అడిగితే రోజుకో కారణం. "గేటు దగ్గర నలిగిపోతాం." "ఏడుపులు నాకు పడవు." ఒకసారైతే "మంచివాడు గెలుస్తాడని తెలిశాక కూచోవడం దండగ" అన్నాడు. "మూర్తిగారి రామాయణంలో రావణుడింకా చావలేదండోయ్" అని ఆఫీసులో గోవర్ధనరావు ఊరంతా చాటాడు.

ఉసూరుమనేది మాత్రం భార్య హైమావతి. కాపురానికొచ్చాక ఆవిడ ఒక్క సినిమాకీ 'శుభం' చూడలేదు. హాలు పక్కనే తాతమ్మగారిల్లు. భార్యనక్కడ మజ్జిగ తాగుతూ కూచోమని, బండి చూసుకొస్తానని వెళ్లేవాడు. వాళ్లెప్పుడూ ఎక్కేది నాంచారయ్య జట్కాయే. తెలిసిన బండిని వెతకడానికి సినిమా వదిలేదాకా ఎందుకు పట్టేదో ఆవిడకి అర్థమయ్యేది కాదు.

ఆ ఏడు ఒక సినిమా వచ్చింది. అందులో మడికట్టు పంతులు, చెప్పులు కుట్టేవాడి నీడ పడితే స్నానం చేసేవాడు. వరదలో ఇద్దరూ ఒకే ఇంటికప్పు మీద చిక్కుకుని, దిగేసరికి ప్రాణస్నేహితులయ్యారు. చివరికి పంతులు అతణ్ణి భోజనానికి పిలిచాడు. మూసిన తలుపు వెనక పంతులు భార్య నిలబడింది. తలుపు తీస్తుందా, తియ్యదా? హైమావతి కుర్చీ అంచుకి జరిగింది. నాంచారయ్య కూరలు తెచ్చిస్తే వాటి మీద నీళ్లు చల్లి గానీ లోపలికి తీసుకెళ్లని మనిషావిడ.

"ఇక పదవే" అన్నాడు మూర్తి.

"నేను రాను."

"తాతమ్మగారు మజ్జిగ..."

"మీరే తాగండి."

బిక్కమొహం వేసుకుని వెళ్లాడాయన. కాసేపటికి చీకట్లో ఎవరో వంగి వంగి వచ్చి, ఆవిణ్ణి చూసి కొయ్యబారిపోయారు. చేతిలో మూర్తి టిక్కెట్టు ముక్క ఉంది.

"నాంచారయ్యా! అయ్యగారేరి?"

"గుర్రాన్ని పట్టుకున్నారండి. కట్టేస్తే తెంపుకుపోద్దండి. ఆఖర్న ఆయన పట్టుకుంటే నేను చూస్తానండి. ప్రతి సినిమాకీ అంతేనండి. మీరున్నారని ఆయన చెప్పలేదమ్మా, వెళ్తాను."

"ఏయ్, కూచోండి!" అని వెనకనుంచి కేకలు. తెర మీద పంతులు భార్య గడియ మీద చెయ్యి వేసింది.

"కూచో. జనానికి అడ్డం" అని పక్క కుర్చీ చూపించింది హైమావతి.

ఇద్దరూ కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి, గుర్రం మూర్తి కండువా నములుతోంది.

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదండీ?"

"కూరల మీదే నీళ్లు చల్లుతావు. ఇది తెలిస్తే నన్ను నూతిలో ముంచేదానివి."

హైమావతికి నిజంగా సిగ్గేసింది. గబగబా బండెక్కింది.

"ఇంతకీ ఆవిడ తలుపు తీసిందా?" అన్నాడు మూర్తి దారిలో.

"తీసిందండి" అన్నాడు నాంచారయ్య.

"ఎంత ఏడిపించి తీసిందో చెప్పవేం?" అంది హైమావతి.

"ముందు కిటికీలోంచి చూసిందమ్మా..."

"కిటికీ తర్వాతయ్యా! ముందు గడియ!"

వంతెన దాటినా తగువు తెగలేదు. "మీరిద్దరూ ఒకే సినిమా చూశారా?" అన్నాడు మూర్తి.

"రేపు మళ్లీ వద్దాం. మీరిద్దరూ చివరిదాకా కూచోండి" అంది హైమావతి. "గుర్రాన్ని నేను పట్టుకుంటాను."

"అమ్మో, కొత్తవాళ్లని కరుస్తుందమ్మా!"

"నన్నా? దానికంత ధైర్యమే!"

"ఆ మాట నిజం" అన్నాడు దక్షిణామూర్తి.