‘ఆర్యా’ అని దిద్దిన జవాబు

ఒడియా రాష్ట్రంలోని బడా బజార్‌లో ముప్ఫయ్యేళ్లుగా ఊళ్లవాళ్లకు దరఖాస్తులు రాసిపెట్టే వైకుంఠరావు మర్యాద విషయంలో పిసరంత లోటు రానివ్వడు. చిన్న గుమాస్తా అయినా సరే, అతని కాగితం మీద మహారాజశ్రీ అయిపోతాడు. 2007 నాటికి ఆఫీసులు మెయిల్ పంపమనసాగాయి. అప్పటినుంచి నాగేశ్వరి నడిపే ఇంటర్నెట్ సెంటర్లో ఒక కుర్చీ అతనిదే.

ఆ జూన్‌లో అతని చేతిలో ఉన్నది, పల్లెనుంచి దరఖాస్తు రాయించుకోవడానికి వచ్చిన కాసులమ్మ ఊరి బడి సంగతి. ఉన్న ఒక్క తెలుగు మేష్టారూ రిటైరయ్యాడు. నెలాఖరులోగా మరొకరు రాకపోతే తెలుగు తరగతి ఎత్తేస్తారు. వైకుంఠరావు ఛత్రపూర్‌లోని జిల్లా బడుల ఆఫీసుకు మెయిల్ రాశాడు. పిల్లల జాబితా అడిగారు. పంపాడు. “ఇది ఏ దరఖాస్తు తాలూకు జాబితా?” అని జవాబొచ్చింది. మళ్లీ పంపాడు. మళ్లీ అదే ప్రశ్న.

“ఇంక మూడు దినాలే. నీ కలం మొద్దుబారిపోనాదేటి, రావుబాబూ?” అంది కాసులమ్మ.

ఆ మాట ముల్లులా దిగింది. నాగేశ్వరిని పిలిచి తను పంపిన మెయిళ్లు చూపించాడు.

“బాబాయిగారూ, జవాబిచ్చేటప్పుడు పైన దానంతటదే వచ్చే రెండు ఇంగ్లీషు అక్షరాలు చెరిపేసి ‘ఆర్యా’ అని పెడుతున్నారెందుకు?”

“ఆర్, ఈ... ‘రే’ కదమ్మా! అధికారిని పట్టుకుని రే అంటానేటి? తెలుగులోనూ తప్పే, ఒడియాలోనూ తప్పే.”

“మరి వాళ్లూ మీకు అలాగే రాశారుగా?”

“పెద్దోళ్లు. అన్నారు, పడ్డాను.”

నాగేశ్వరికి వచ్చిన నవ్వు గొంతులోనే ఆగిపోయింది. “అది తిట్టు కాదండీ. ‘రీ’ అంటారు. ఫలానా విషయమై అని అర్థం. మెయిల్ పెట్టె దాన్ని పక్కనబెట్టి మిగతా మాటలు పోల్చుకుంటుంది. అవి కలిస్తేనే పాతదానికి కొత్తది జతచేస్తుంది. మీరు ‘ఆర్యా’ అనేసరికి ఇదేదో వేరే గోడు అనుకుంది.”

“విషయమై అనా!” ముప్ఫయ్యేళ్లుగా ప్రతి కాగితం నెత్తిమీదా ‘విషయము’ అని రాస్తున్న చెయ్యి అది. “అయితే అది నా మాటేనమ్మా!”

జాబితా అడిగిన మొదటి జవాబు తెరిచాడు. ఆ రెండక్షరాల జోలికి పోకుండా పంపాడు, మనసులో మాత్రం ఒక దణ్ణం పెట్టుకున్నాడు.

రెండోనాడు జవాబొచ్చింది: జాబితా దరఖాస్తుకు జతపడింది, కొత్త మేష్టారు వచ్చేదాకా తరగతి సాగుతుంది.

“ఏటన్నారు బాబూ?” కాసులమ్మ ఆత్రపడింది.

“రే అన్నారమ్మా,” అన్నాడు వైకుంఠరావు ఛాతీ విరిచి, “ఎంతో మర్యాదగా!”