ఎనిమిది ఇళ్ల వేలిముద్రలు

కరీంనగర్‌లోని ఒక మహిళా డిగ్రీ కళాశాలలో శిశువిద్య శాఖకు నేను అధిపతిగా ఉన్న ఆఖరి విద్యాసంవత్సరం, జనవరి నెల. ఫైనలియర్ అమ్మాయిల గృహసందర్శన రికార్డులు దిద్దుతున్నాను. ప్రతి అమ్మాయీ తన ఊళ్లో అంగన్‌వాడీకి వెళ్లే పిల్లలున్న ఎనిమిది ఇళ్లు ఎంచుకుని, ఒక్కో ఇంటికి ఆరుసార్లు వెళ్లాలి. తల్లితో మాట్లాడాలి, బిడ్డ ఆటా మాటా గమనించి రాయాలి. తల్లిదండ్రులను బిడ్డ చదువులో కలుపుకోవడం పుస్తకం చదివితే రాదు గనుక ఈ ఏర్పాటు. రికార్డు రద్దయితే ఆ ఏడు పోయినట్టే.

నాకు అనుమానం ఎక్కువ, దాచుకోను. హాస్టల్ గది దాటకుండా ఎనిమిది ఇళ్లూ తిరిగొచ్చినవాళ్లను ఎంతోమందిని పట్టుకున్నాను. తల్లుల సంతకాలు కూడా వాళ్లే గీసేవారు. అందుకని ఆ ఏడు కొత్త నియమం పెట్టాను: చదువొచ్చినా రాకపోయినా ప్రతి తల్లీ వేలిముద్రే వేయాలి. సంతకమైతే ఎవరైనా గీస్తారు, వేలెక్కడినుంచి తెస్తారని నా ధీమా.

షాహీన్‌ది మెట్‌పల్లి. తండ్రి దర్జీ. అడిగితే తప్ప మాట్లాడని పిల్ల. ఆమె రికార్డు తెరిస్తే మాత్రం ఆపబుద్ధి కాలేదు. ఒక పిల్లవాడు తల్లి చాటలోని తునికాకు ముక్కలను పెద్దవీ చిన్నవీ వేరుచేసి, "ఇది బాపు, ఇది నేను" అన్నాడట. అంత బాగుండటమే నాకు గిట్టలేదు. ఈ పిల్ల రాసిందేనా ఇది అనుకుంటూ పేజీ కింద వేలిముద్ర చూశాను. గీతల్లేవు, నున్నటి నీలం మచ్చ. భూతద్దం పెట్టి ఎనిమిది ఇళ్లవీ చూస్తే అన్నీ అంతే. మిగతా అమ్మాయిల రికార్డుల్లో ముద్రలు స్పష్టంగా ఉన్నాయి. ఏ రబ్బరు ముక్కనో సిరాలో అద్దిందని తేల్చేశాను.

పిలిచి అడిగాను. "అన్నిండ్లకు పోయిన మేడం, వాళ్లతోనే ఏపిచ్చిన" అని తల దించుకుంది. తప్పు చేసినవాళ్లే తల దించుకుంటారని నా లెక్క. రికార్డు రద్దు చేయమని ప్రిన్సిపాల్‌కు రాశాను. ఆయన తండ్రిని పిలిపించారు. తండ్రి నాతో వాదించలేదు. "దొంగరాతల సదువు మాకొద్దు మేడం, పిల్లను ఇంటికి తీస్కపోత" అని తీసుకెళ్లిపోయాడు.

రద్దు ఉత్తర్వు ఇవ్వడానికి ముందు ఒక్క ఇల్లయినా స్వయంగా చూసి నివేదిక జతచేయాలి. ఆ లాంఛనం కోసమే మెట్‌పల్లి వెళ్లాను. రికార్డులో మొదటి ఇల్లు లావణ్య అనే ఆమెది. ఎనిమిది ఇళ్లూ ఉన్న ఆ వీధంతా తునికాకుతో బీడీలు చుట్టేవాళ్లే. పుట్టి పెరిగింది ఈ ప్రాంతంలోనే అయినా అలాంటి ఇంట్లో నేనెన్నడూ కూర్చోలేదు. లావణ్య ఒళ్లో చాట పెట్టుకుని, నన్ను చూసి కూడా చెయ్యి ఆపలేదు. షాహీన్ వచ్చేదా అని అడిగాను.

"రాకేంది? నా పని ఆగొద్దని పక్కన కూసుండి ఆకు కత్తిరిస్తుండె. అట్లనే ముచ్చట వెట్టేది."

నమ్మలేదు. ఇంకు ప్యాడు తీసి వేలు వేయమన్నాను. వేసింది. అదే మచ్చ. ఆమె బొటనవేలు పట్టుకుని వెలుతురులోకి తిప్పాను. ఏళ్ల తరబడి ఆకు చుట్టి గీతలన్నీ అరిగిపోయాయి.

"రేషన్ దుకాణంల మిషిన్ గూడ పట్టది మేడం" అంది లావణ్య. "నేను టెన్త్ సదివిన. సంతకం పెడ్తనంటె, మా మేడం ఒప్పుకోదని గా పిల్ల బతిమిలాడింది. సదువొచ్చి ఏలేసుడంటె నాకు శరమైంది. గా మేడం మీరేనా?"

నేనేనన్నాను. తల దించుకునే అన్నాను.

అక్కడినుంచి నేరుగా షాహీన్ ఇంటికి వెళ్లి, తప్పు నాదని తండ్రి ముందే చెప్పాను. లేఖ వెనక్కి తీసుకుంటానన్నాను. ఆయన కుట్టు ఆపి కూతురి వైపు చూశాడు. షాహీన్‌లో సంతోషం కనిపించలేదు. "మిగిలిన ఏడిండ్లు గూడ చూసి రాయిండ్రి మేడం" అంది. ఆ మధ్యాహ్నం ఏడిళ్లూ ఆమె వెంట తిరిగి చూసి, రికార్డు నిజమైనదని రాసి సంతకం చేశాను.

వేలిముద్ర నియమం కొట్టేసి పదవీ విరమణ చేశాను. కుటుంబాలతో ఎలా మెలగాలో ఇరవై ఆరేళ్లు పాఠం చెప్పాను. అన్నేళ్లలో ఒక తల్లి చెయ్యి పట్టుకుని చూసింది ఆ ఒక్కసారే, అదీ దొంగను పట్టుకుందామని.