పత్తి మండీకి మదర్‌బోర్డులు

మదురై దగ్గర మా తిరుమంగళం పత్తి మండీలో ఆరు పాత కంప్యూటర్లు ఉన్నాయి. సరిగ్గా తూకం రోజునే అవి ఆగిపోతాయి. చీటీ రాదు, బండి కదలదు, రైతు ఎండలో నిలబడతాడు. నేనూ నిలబడినదాన్నే. వాటిని మార్చి, కొత్తగా ఒక సర్వర్ పెట్టే పని మా మనవరాలు జోతికి ఇచ్చారు. ఆమె సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. ఇది చెడితే రెండోది రాదు. సరుకు కొనడానికి కోయంబత్తూరు పోతున్నానంటే, బేరానికి నేనూ బయలుదేరాను.

పొద్దున్నే బస్సులో మదురై చేరి, ఏడు దాటాక రైలెక్కాము. కాస్త ముందుగా పోతే సాధారణ పెట్టెలోనే కిటికీ దొరుకుతుంది, ఎక్కువ పెట్టనక్కరలేదు. దిండుక్కల్ దాటాక ఇంటినుంచి తెచ్చిన పెరుగన్నం విప్పాను. రైల్లో ఇడ్లీలు చల్లగా ఉంటాయి, ధర మాత్రం వేడిగా ఉంటుంది.

పళనిలో ఎక్కిన ఒకామె, "పెండ్లి చీరలకా పోయేది?" అని తమిళంలో అడిగింది.

"కంప్యూటర్ లోపల పెట్టే పలకలకు" అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, జరిగి చోటిచ్చింది.

"బోర్డే ముఖ్యం అవ్వా" అంది జోతి. "మిగిలినవన్నీ దానిమీదనే కూర్చుంటాయి. ఆరింటికీ ఒకటే మోడల్ తీసుకుంటే రిపేరు సులువు. సర్వర్‌కి మాత్రం రేయీపగలూ నిలిచిపోకుండా నడిచేది వేరేది ఉండాది."

పన్నెండున్నరకు దిగి, టౌన్ బస్సులో గాంధీపురం పోయాము. మేడమీద అంగడి. మా మాటలు విని అంగడాయన తమిళం వదిలి తెలుగులోకి వచ్చాడు. ముందు రంగురంగుల దీపాలు మెరిసే బోర్డు తీశాడు.

"మేము తేరు తిప్పేదిలేదు నాయనా" అన్నాను. "తూకం వేసేది."

నవ్వి, నా పుట్టిల్లు అడిగాడు. చిన్నమనూరు అన్నాను, పుట్టింటి ఇంటిపేరూ చెప్పాను. అతని ఇంటిపేరూ అదే.

"అట్టయితే నాకు మీరు అత్త" అని టీ తెప్పించాడు. లోపలినుంచి అట్టపెట్టె లేని బోర్డులు తెచ్చాడు. "మనోళ్ళకని సగం ధర. బిల్లు లేదు, వారంటీ చీటీ లేదు. నా మాటే చీటీ."

మా ఇండ్లలో వరస కలిసిన చోట కాగితం అడగరు. అడిగితే చుట్టరికం కాదన్నట్టే. సగం ధర అనేసరికి నా తల దానంతటదే ఊగింది.

జోతి బోర్డును తిప్పి చూసి, బల్లమీద పెట్టింది. "వద్దు మామా. పెట్టెతో ఉండేదే ఇయ్యండి. మూడేండ్ల వారంటీ, బిల్లుతో. ఇక్కడే కరెంటు పెట్టి చూపించాల."

"మనోళ్ళలో బిల్లు అడిగేదేంది పాపా?"

"నాకు మీరు మామ. మండీకి మీరు అంగడాయన. బోర్డు పోతే వాళ్ళు అడిగేది నన్ను."

అతను నావైపు తిరిగాడు. "ఏందత్తా, పిల్లకి మన వాడిక నేర్పలేదా?"

అతని టీ నా చేతిలోనే ఉంది. నేను పెద్దదాన్ని, నా మాటతో పని ముగుస్తుంది. జోతి నన్ను చూడలేదు, బోర్డునే చూస్తూ ఉంది.

"నేర్పినాను" అన్నాను. "వరస పెండ్లికి, బిల్లు సరుకుకి. రాసియ్యి అల్లుడా."

అతను బిల్లు పుస్తకం తీశాడు. తర్వాత, "సరి, వరసా బిల్లూ రెండూ అత్త బుద్ధులే" అని పెట్టెలు దించాడు. ఒక్కొక్క బోర్డునూ తెర వెలిగేదాకా చూసి గాని జోతి సంచిలో పెట్టనివ్వలేదు.

సింగానల్లూరులో మదురై బస్సు ఎక్కాము. సామాను పైన పెట్టమన్నాడు కండక్టరు. నేను ఒళ్ళోనే పెట్టుకున్నాను. ధారాపురం దగ్గర మండీ మేనేజరు జోతికి ఫోన్ చేశాడు, ఆమె పంపిన బిల్లు చూసి, ఇంత ధరేమిటని. పెద్దవాళ్ళను పెట్టి మాట్లాడమన్నాడు కాబోలు.

"వాళ్ళెందుకు సార్? బోర్డు ఎంచింది నేను. అది నిలిచిపోతే నాకు ఫోన్ చేయండి" అని తమిళంలో చెప్పి, పెట్టేసింది.

కోయంబత్తూరులో నేను చూసింది ఒక్క అంగడే. నేను పోయినందుకు అది చాలు.